‘ఫాస్ట్‌గా’ అనకుండా ఆరు వారాలు: ఇంగ్లిష్ ప్రాజెక్టు డైరీ

రోజు 1

మొదలైంది ఒక మెయిల్‌తో. నేను ప్రోగ్రామర్‌ని. వేరే దేశంలో ఉండే సీనియర్ ఒకావిడ నా కోడ్ రివ్యూ చేయాలి, అంటే నేను రాసిన ప్రోగ్రామ్ చూసి తప్పొప్పులు చెప్పాలి. నాలుగు రోజులు చూసి, మర్యాదగానే రాశాననుకుని, ‘ప్లీజ్ హర్రీ అప్ విత్ ద రివ్యూ’ అని పంపాను. ఒక్క లైను జవాబొచ్చింది: ‘ఐ విల్ గెట్ టు ఇట్ వెన్ ఐ కెన్.’ సరే, చేస్తానంటోంది కదా అని ఊరుకున్నాను. రాత్రి అక్కకు చూపిస్తే పగలబడి నవ్వింది.

“ఒరేయ్, ఆవిడకు ఒళ్లు మండిందిరా. అర్థం కాలేదా?”

“ప్లీజ్ పెట్టానుగా అక్కా!”

“‘నోర్మూసుకోండి’ అంటే, ‘అండి’ ఉంది కదా అని మర్యాద అయిపోతుందా?”

అక్క పదేళ్లుగా ఇంగ్లిష్‌లోనే పనిచేస్తోంది. నాకూ గ్రామర్ బాగానే వచ్చు, మెయిల్స్‌లో తప్పులుండవు. కానీ తొందర, వేగం, ఆలస్యం అనే వ్యవహారం వచ్చేసరికి నా దగ్గర ఉన్నవి మూడే మాటలు: ఫాస్ట్, క్విక్లీ, హర్రీ అప్. ఆ మూడింటితోనే ఇన్నేళ్లు లాగించాను.

అందుకే ఆరు వారాల ప్రాజెక్టు పెట్టుకున్నాను. పద్ధతి ఇది. రోజంతా తెలుగులో నా నోటి నుంచి త్వరగా, తొందరగా, వెంటనే, గబగబా, ఇట్టే లాంటి మాట వస్తే ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు జేబు నోట్‌బుక్‌లో రాసుకోవాలి. సాయంత్రం ఎదురుగా నాకు తోచిన ఇంగ్లిష్ రాయాలి. తర్వాత మంచి నిఘంటువులోనూ, ‘కోకా’ అనే అమెరికన్ ఇంగ్లిష్ కార్పస్‌లోనూ వెతికి సరిచూసుకోవాలి. అందులో వంద కోట్లకు పైగా పదాల నిజమైన వాడుక ఉంది. ఒక మాట పక్కన ఏ మాట వస్తుందో లెక్కతో సహా చూపిస్తుంది. చివరి తీర్పు అక్కది.

రోజు 3

ముప్పై ఒక్క వాక్యాలు పోగయ్యాయి. నేను ఇంత తొందరపడే మనిషినని నాకే తెలియదు. వాటిలో ఇరవై ఆరింటికి నేను రాసిన ఇంగ్లిష్‌లో ‘ఫాస్ట్’, ‘ఫాస్ట్లీ’, ‘క్విక్లీ’ తప్ప ఇంకోటి లేదు.

‘ఫాస్ట్లీ’ అనే మాటే ఇప్పటి ఇంగ్లిష్‌లో లేదు. స్లోకి స్లోలీ ఉంది కదా, దీనికీ ఉంటుందిలే అనుకుని ఎన్నాళ్లుగా వాడుతున్నానో. ‘ఫాస్ట్’ ఒక్కటే రెండు పనులూ చేస్తుంది: ‘ఎ ఫాస్ట్ కార్’ అన్నా అదే, ‘షి డ్రైవ్స్ ఫాస్ట్’ అన్నా అదే. ‘హార్డ్’ కూడా ఇలాంటిదే. ‘హార్డ్లీ’ అంటే కష్టపడి కాదు, దాదాపు లేనట్టే అని. ఇది పాత పాఠమే గానీ నోట్‌బుక్‌లో నా చేతిరాతతో ఏడుసార్లు ‘ఫాస్ట్లీ’ కనబడితే సిగ్గేసింది.

రోజు 7

ఈ వారంలో దొరికిన అసలు సంగతి ఇది. తప్పు ఇంగ్లిష్ మాటలది కాదు, మన ‘త్వరగా’ది. అది ఒక మాట కాదు, నాలుగు మాటలు ఒకే చొక్కా తొడుక్కుని తిరుగుతున్నాయి.

నోట్‌బుక్‌లో పక్కపక్కనే పడ్డ నాలుగు వాక్యాలు చూడండి. ‘రేపు త్వరగా లేవాలి.’ ‘జ్వరం త్వరగా తగ్గిపోవాలి.’ ‘కాస్త త్వరగా నడువు.’ ‘విషయం త్వరగా చెప్పెయ్.’ నేను నాలుగింటికీ ‘ఫాస్ట్’ పెట్టాను. ‘ఐ షుడ్ వేకప్ ఫాస్ట్ టుమారో’ అంటే వినేవాడికి ఎలా ఉంటుందో అక్క నటించి చూపించింది: మంచం మీద నుంచి స్ప్రింగులా ఎగిరి లేచింది.

ఇప్పుడు నన్ను నేను ఒక ప్రశ్న వేసుకుంటున్నాను. గడియారంలో ఎన్నింటికి అన్నది విషయమైతే ‘ఎర్లీ’. ఇప్పటి నుంచి ఇంకెంతసేపటికి అన్నదైతే ‘సూన్’, అందుకే ‘గెట్ వెల్ సూన్’. కదలిక ఎంత జోరుగా ఉందన్నదైతే ‘ఫాస్ట్’. పని మొత్తానికి ఎంతసేపు పట్టిందన్నదైతే ‘క్విక్’. ‘ఫాస్ట్ కార్’ సరే, ‘ఫాస్ట్ లుక్’ అనరు, ‘క్విక్ లుక్’ అంటారు. చూపు పరుగెత్తదు కదా, చూసి అయిపోతుందంతే.

‘రాత్రి త్వరగా నిద్రపోయాను’ దగ్గర ఇరుక్కున్నాను. తొమ్మిదింటికే పడుకున్నానా, పడుకోగానే నిద్ర పట్టిందా? తెలుగులో ఆ రెండూ అదే వాక్యం, సందర్భం చూసి ఎదుటివాడు అర్థం చేసుకుంటాడు. ఇంగ్లిష్‌లో ముందే తేల్చుకోవాలి: ‘వెంట్ టు బెడ్ ఎర్లీ’ లేదా ‘ఫెల్ అస్లీప్ క్విక్లీ’. నాకు గుర్తొచ్చిన ‘ఫాస్ట్ అస్లీప్’ ఈ రెండూ కాదట. అంటే గాఢనిద్రలో ఉండటం.

అక్కడే ఒక గంట పోయింది, పోయినా బాగుంది. ‘ఫాస్ట్’కు పాత ఇంగ్లిష్‌లో అర్థం వేగం కాదు, గట్టిగా, కదలకుండా అని. ‘హోల్డ్ ఫాస్ట్’ అంటే గట్టిగా పట్టుకోమని. సీట్ బెల్ట్ ‘ఫాసెన్’ చేసుకోవడంలో ఉన్నదీ ఆ మాటే. ‘క్విక్’ అంటే మొదట ప్రాణమున్నది అని. పాదరసాన్ని ‘క్విక్‌సిల్వర్’ అన్నది అందుకే, ప్రాణమున్న వెండిలా దొర్లుతుందని. ‘స్పీడ్’ అంటే అప్పట్లో విజయం, కలిసిరావడం. ‘మోర్ హేస్ట్, లెస్ స్పీడ్’ అన్న సామెత నాకెప్పుడూ తిక్కగానే అనిపించేది: తొందర ఎక్కువైతే వేగం తగ్గడమేంటి? పాత అర్థం పెట్టి చదివితే మన ‘ఆత్రగాడికి బుద్ధి మట్టు’ పక్కన కూర్చోబెట్టొచ్చు. కన్నడంలోనూ ‘తొందరె’ అంటే వేగం కాదు, ఇబ్బంది. మాటలకు కూడా ఊళ్లు మారితే వృత్తులు మారతాయి కాబోలు.

రోజు 9

చిన్నది. ‘నాకు తొందరగా ఉంది’ అంటే ‘ఐ హావ్ హర్రీ’ కాదు, ‘ఐయామ్ హేవింగ్ హర్రీ’ అంతకన్నా కాదు. ‘ఐయామ్ ఇన్ ఎ హర్రీ.’ ఆ ‘ఎ’ మింగేయకూడదు. ‘ఏంటంత తొందర?’కు ‘వాట్స్ ద హర్రీ?’ లేదా ‘వాట్స్ ద రష్?’ ‘నన్ను తొందరపెట్టకు’ అంటే ‘డోంట్ రష్ మి’. ‘తొందరపడి నిర్ణయం తీసుకోకు’ అంటే ‘డోంట్ రష్ ఇంటు ఇట్’. నాలుగూ కార్డుల మీద రాసి పెట్టాను.

రోజు 14

ఈ వారమంతా అడగడం మీదే. ఆ మెయిల్ ఎక్కడ చెడిందో తెలియకపోతే ఈ ప్రాజెక్టుకు అర్థమే లేదు.

ముందు తప్పుదారి పట్టాను. ఏదో వీడియో చూసి ‘హర్రీ అప్’కు బదులుగా పన్నెండు మాటలు నేర్చుకున్నాను: ‘గెట్ ఎ మూవ్ ఆన్’, ‘స్టెప్ ఆన్ ఇట్’, ‘మేక్ ఇట్ స్నాపీ’, ‘చాప్ చాప్’, ‘షేక్ ఎ లెగ్’... అక్క జాబితా చదివి పేజీ మీద అడ్డంగా గీత కొట్టింది. “ఇవన్నీ ఇంట్లో తమ్ముడితోనో, తాళంచెవులు వెతుక్కుంటున్న ఫ్రెండ్‌తోనో అనేవి. ‘చాప్ చాప్’ అని ఆఫీసులో అన్నావంటే పనివాడికి చిటికేసి చెప్పినట్టుంటుంది.” ఆ మాట చైనా ఓడరేవుల్లో వ్యాపారానికి పుట్టిన కలగాపులగపు ఇంగ్లిష్ నుంచి వచ్చిందట. ‘స్టెప్ ఆన్ ఇట్’ మరీ కారు నడిపేవాడితో అనేది, యాక్సిలరేటర్ తొక్కమని. ‘షేక్ ఎ లెగ్’ను మనవాళ్లు డాన్సుకు వాడేస్తారు, అవతల ఎక్కువగా ‘లే, కదులు’ అనే అర్థంలో వింటారు.

‘ఏఎస్‌ఏపీ’ (యాజ్ సూన్ యాజ్ పాజిబుల్) సంగతీ చూశాను. అది 1950ల నాటి అమెరికా సైన్యం మాట. ఆఫీసుల్లోకి వచ్చి మెత్తబడింది గానీ ఆ ఆర్డరు వాసన పూర్తిగా పోలేదు. పైవాళ్లు కిందివాళ్లకు రాస్తే సరిపోతుంది. నేను ఆవిడకు రాస్తే సరిపోదు. ‘ఎట్ యువర్ ఎర్లియెస్ట్ కన్వీనియెన్స్’ మర్యాదే గానీ బిల్లు కట్టమని వచ్చే ఉత్తరంలా బిగుసుకుపోయి ఉంటుంది. మన ఆఫీసు మెయిల్స్‌లో తెగ తిరిగే ‘కైండ్లీ ఎక్స్‌పెడైట్’ కూడా ఆ కోవలోదే.

మరి ఏం రాయాలి? అక్క సమాధానం చెప్పలేదు, ఎదురు ప్రశ్న వేసింది. “పెళ్లికి బయల్దేరుతున్నాం. పెదనాన్న ఇంకా తెమల్లేదు. ఏమంటావు?”

“బస్సుకు టైమవుతోంది పెదనాన్నా, అంటాను.”

“‘త్వరగా తెమలండి’ అనవేం?”

అనను. ఎవరూ అనరు. పెద్దవాళ్ల వేగం గురించి మాట్లాడం, బస్సు గురించి మాట్లాడతాం. ఆయనే అర్థం చేసుకుని చెప్పులేసుకుంటారు. ఇంగ్లిష్‌లోనూ జరిగేది సరిగ్గా ఇదే. ఎదుటివాళ్ల ఆలస్యాన్ని వేలెత్తి చూపకుండా నా గడియారాన్ని చూపించాలి. ‘వుయ్ ఆర్ ఎ బిట్ ప్రెస్డ్ ఫర్ టైమ్ ఆన్ అవర్ సైడ్.’ ‘ద రిలీజ్ ఈజ్ ఆన్ థర్స్‌డే.’ ఈ మర్యాద నాకు పుట్టుకతో వచ్చిందే. ఇంగ్లిష్‌లోకి వెళ్లేటప్పుడు గుమ్మం బయటే విడిచి వెళ్తున్నాను.

ఆ మెయిల్ మళ్లీ రాశాను, పంపడానికి కాదు, అభ్యాసానికి: ‘వెన్ యు గెట్ ఎ ఛాన్స్, కుడ్ యు టేక్ ఎ లుక్ ఎట్ ద రివ్యూ? ద రిలీజ్ ఈజ్ ఆన్ థర్స్‌డే, సో ఇట్ వుడ్ హెల్ప్ టు హావ్ యువర్ కామెంట్స్ బై ట్యూస్‌డే.’ ఆ ‘బై’ ముఖ్యం. మంగళవారానికల్లా అన్నప్పుడు ‘బై’, మంగళవారం వరకు అన్నప్పుడు ‘అంటిల్’. తెలుగులో ‘కల్లా’, ‘వరకు’ అని రెండు విడి మాటలున్నా నేను ఇంగ్లిష్‌లో రెండింటికీ ‘టిల్’ కొట్టేస్తున్నాను. దానికి తెలుగును నిందించలేను, అది నా బద్ధకమే.

రోజు 18

నాలుగు రోజులుగా నోట్‌బుక్ తెరవలేదు. రిలీజ్ హడావుడి. తొందర గురించి చదవడానికి తీరిక లేదు.

రోజు 20

‘చిటికెలో’ కోసం వెతుకుతుంటే ‘ఇన్ ఎ జిఫీ’ దొరికింది. జిఫీ మా ప్రోగ్రామర్లకు పాత చుట్టమే. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లో టైమర్ టిక్కులను లెక్కపెట్టే వేరియబుల్ పేరు ‘జిఫీస్’. కెర్నల్‌ను కంపైల్ చేసేటప్పుడు సెకనుకు 1000 టిక్కులని పెట్టుకుంటే ఒక జిఫీ 1 మిల్లీసెకను, 250 అని పెడితే 4, 100 అని పెడితే 10. గిల్బర్ట్ లూయిస్ అనే రసాయన శాస్త్రవేత్త ఇంకా దూరం వెళ్లి, కాంతి ఒక సెంటీమీటరు ప్రయాణించే సమయాన్ని జిఫీ అందామన్నాడు. అది దాదాపు 33 పికోసెకన్లు (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు). మాటల్లో మాత్రం ‘బ్యాక్ ఇన్ ఎ జిఫీ’ అన్న మనిషి పది నిమిషాలకు వస్తాడు. ‘ఐదు నిమిషాల్లో ఉంటా’ అని ఇంకా స్నానానికే వెళ్లని మన మనిషికి అతను దగ్గరి బంధువు.

ఇలా కొలత లేని మాటల్లో ప్రమాదకరమైనవి రెండు. ‘మొమెంటరిలీ’ అంటే అమెరికాలో ‘కాసేపట్లో’, బ్రిటన్ వాడుకలో ‘కాసేపు మాత్రమే’. విమానం ‘మొమెంటరిలీ’ దిగుతుందని ప్రకటిస్తే, దిగి వెంటనే లేచిపోతుందా అని బ్రిటిష్‌వాళ్లు ఎగతాళి చేస్తారు. ‘ప్రెజెంట్లీ’ బ్రిటన్‌లో ‘త్వరలో’, అమెరికాలో ‘ప్రస్తుతం’. రెండూ వదిలేశాను. ‘షార్ట్లీ’ ఇద్దరికీ ఒకటే, అది చాలు. ‘ఇన్ డ్యూ కోర్స్’ అని ఎవరైనా రాస్తే మాత్రం ఆశలు పెట్టుకోకూడదట. మన ‘చూద్దాంలెండి’కి సూటు వేసినట్టు.

రోజు 27

గబగబా, చకచకా, టకటకా, వడివడిగా, చటుక్కున, టక్కున, రివ్వున. నోట్‌బుక్‌లో ఇలాంటివి ఒక పేజీ నిండాయి. అన్నిటికీ ‘క్విక్లీ’ రాసి నాకే విసుగొచ్చింది. తెలుగులో గబగబా వేరు, చకచకా వేరు. గబగబాలో కంగారుంది, చకచకాలో పనితనం ఉంది. ‘క్విక్లీ’లో రెండూ చచ్చిపోతున్నాయి.

మూడు రోజులు కొట్టుకున్నాక తెలిసింది, నేను వెతుకుతున్న చోటే తప్పని. మనం క్రియను మామూలుగా ఉంచి దాని ముందు చప్పుడు చేసే మాట పెడతాం. ఇంగ్లిష్‌లో చాలాసార్లు ఆ చప్పుడు క్రియ లోపలే ఉంటుంది. గబగబా రాసుకోవడం ‘జాట్ డౌన్’. గబగబా తినేయడం ‘గాబుల్’. చటుక్కున లాక్కోవడం ‘స్నాచ్’. పైపైన చదవడం ‘స్కిమ్’. గడగడా అప్పజెప్పడం ‘రాటిల్ ఆఫ్’. పక్కన ఇంకో మాట అక్కర్లేదు. నిన్న నోట్‌బుక్‌లో ఉన్న వాక్యం: ‘ఫోన్ రాగానే గబగబా ఇంటికెళ్లాను.’ నేను రాసింది: ‘యాజ్ సూన్ యాజ్ ద కాల్ కేమ్, ఐ క్విక్లీ వెంట్ హోమ్.’ అక్క ‘క్విక్లీ వెంట్’ కొట్టేసి వాక్యాన్ని ఇలా మార్చింది: ‘ఐ గాట్ ద కాల్ అండ్ రష్డ్ హోమ్.’ ఆ ‘రష్డ్’లో కంగారంతా ఉంది.

వెంటనే అత్యుత్సాహంతో ‘హర్టిల్డ్’, ‘స్కరీడ్’ అని కూడా మొదలుపెట్టాను. లేడికి లేచిందే పరుగు. కాఫీ తెచ్చుకోవడానికి ‘ఐ డార్టెడ్ టు ద కిచెన్’ అంటే నవల చదివి వినిపిస్తున్నట్టుంటుందట. రోజువారీ మాటల్లో రష్, గ్రాబ్, స్కిమ్, జాట్ చాలు.

ఇంకో చిన్న నిధి దొరికింది. ‘ఒక్కసారి ఇది చూడండి’, ‘ఒక్కసారి మాట్లాడొచ్చా?’ అంటామే, ఆ ‘ఒక్కసారి’ లెక్క కాదు, మీకు పెద్దగా శ్రమ ఇవ్వనని చెప్పడం. నేను దాన్ని ‘వన్స్ సీ దిస్’ అనేవాణ్ని. ఇంగ్లిష్‌లో ఆ పనిచేసేది ‘క్విక్’: ‘కుడ్ యు హావ్ ఎ క్విక్ లుక్?’, ‘క్విక్ క్వశ్చన్’, ‘డు యు హావ్ ఎ మినిట్ ఫర్ ఎ క్విక్ చాట్?’ ఆ చాట్ గంట సాగినా ఎవరూ ఏమీ అనరు. ఇప్పటిదాకా నాకు ఎక్కువ పనికొచ్చిన కార్డు ఇదే.

రోజు 31

జంటలు. ‘రాపిడ్ గ్రోత్’, ‘స్పీడీ రికవరీ’, ‘ప్రాంప్ట్ రిప్లై’, ‘హేస్టీ డెసిషన్’, ‘బ్రిస్క్ వాక్’. ‘ప్రాంప్ట్ గ్రోత్’ ఎందుకు కాదంటే కారణం చెప్పడం కష్టం. ‘హుటాహుటిన’ అనగానే ‘ఆసుపత్రికి తరలించారు’ ఎందుకొస్తుంది? యుద్ధప్రాతిపదికన పనులే ఎందుకు జరుగుతాయి, భోజనాలెందుకు జరగవు? అంతే. జంటగానే బట్టీ పట్టాను. అన్నట్టు, హుటాహుటిన తరలించడానికి ఇంగ్లిష్‌లో ‘వజ్ రష్డ్ టు హాస్పిటల్’ అచ్చుగుద్దినట్టు సరిపోతుంది.

బొమ్మలున్న మాటల్లో కొన్ని యథాతథంగా దొరికాయి. ‘రెప్పపాటులో’కు ‘ఇన్ ద బ్లింక్ ఆఫ్ ఆన్ ఐ’, ‘నత్తనడకన’కు ‘ఎట్ ఎ స్నెయిల్స్ పేస్’. ఆ ధైర్యంతో ‘ఆఘమేఘాల మీద వచ్చాను’ను కూడా అలాగే దించి, కాల్‌లో ‘ఐ కేమ్ ఆన్ క్లౌడ్స్’ అన్నాను. ‘ఆన్ క్లౌడ్ నైన్’ అంటే మహదానందంలో ఉండటం. అవతలి మనిషి నాకు శుభాకాంక్షలు చెప్పాడు. ఎందుకో నేనూ అడగలేదు.

రోజు 35

మీటింగ్ ముందుకు జరిగింది. ‘ప్రీపోన్’ అందామంటే మనకు తెలుసు, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోనూ ఉంది, అవతలివాళ్లు మాత్రం కనుబొమలెగరేస్తారు. ‘మూవ్డ్ ఫార్వర్డ్’ ఇంకా గందరగోళం. బుధవారం మీటింగ్‌ను రెండు రోజులు ‘ఫార్వర్డ్’ జరిపారు, ఎప్పుడు? అని పరిశోధకులు ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లనే అడిగితే కొందరు సోమవారమన్నారు, కొందరు శుక్రవారమన్నారు. అందుకని నేను రాసింది: ‘ద మీటింగ్ ఈజ్ నౌ ఆన్ మండే, నాట్ వెన్స్‌డే.’ ఇడియమ్ లేదు, గొడవా లేదు.

రోజు 38

నా గొంతు రికార్డు చేసుకుని విన్నాను. ఇంగ్లిష్‌లో మామూలు సంభాషణ నిమిషానికి 150 పదాల ప్రాంతంలో ఉంటుందంటారు. నాది లెక్కపెడితే 190 దాటింది. టెన్షన్‌తో రైలు తప్పిపోతున్నట్టు మాట్లాడుతున్నాను. ‘టేక్ యువర్ టైమ్’ అన్న మాటను కూడా ఊపిరి ఆడకుండా అంటే ఎదుటివాళ్లకు వెటకారంలా వినబడుతుంది. రోజూ పది నిమిషాలు నిదానంగా చదవడం మొదలుపెట్టాను. ఇది ఈ ఆరు వారాల్లో అయ్యేది కాదు.

రోజు 42

కొత్త రివ్యూ, అదే సీనియర్. రెండో వారంలో నేర్చుకున్నదంతా ఒలకబోసి, చివర్లో ‘నో రష్ ఎట్ ఆల్!’ అని కూడా చేర్చి పంపాను. ఆవిడ చాలా ఆప్యాయంగా జవాబిచ్చింది. ‘థాంక్స్ ఫర్ బీయింగ్ సో పేషెంట్’ అంది. తర్వాత ఇవాళ్టికి పదకొండు రోజులు, రివ్యూ రాలేదు. తొందరేమీ లేదన్నాను, ఆవిడ నమ్మింది.

అక్కకు చెప్పాను. ఈసారి నవ్వలేదు. “పెదనాన్నతో బస్సు సంగతి చెప్పకుండా ‘మీ ఇష్టం, తీరిగ్గా రండి’ అన్నావన్నమాట.”

ఇప్పుడే పంపిన మెయిల్: ‘జస్ట్ ఎ క్విక్ నోట్: వుయ్ ఆర్ ఫ్రీజింగ్ ద కోడ్ ఆన్ ఫ్రైడే. వుడ్ వెన్స్‌డే వర్క్ ఫర్ యు?’

ఏడు నిమిషాల్లో జవాబొచ్చింది: ‘వెన్స్‌డే ఈజ్ ఫైన్.’

నోట్‌బుక్‌లో ఇంకా పద్దెనిమిది వాక్యాలు సరిచూడాల్సినవి మిగిలాయి. వాటిలో ‘ఇట్టే’ తొమ్మిదిసార్లు ఉంది. రేపటి నుంచి దాని పని పట్టాలి.